అక్క గృహప్రవేశానికి కొరియా సామాను

మా అక్క గృహప్రవేశానికి పుట్టింటి తరఫున ఏం పెట్టాలన్న దాని మీద మా ఇంట్లో పన్నెండు రోజులు చర్చ జరిగింది. అమ్మ రాసుకున్న కాగితంలో ఇత్తడి బిందె, వెండి కుందులు, పట్టుచీర, బావగారికి పంచెల చాపు ఉన్నాయి. నేను రాసిన కాగితంలో రాతిచిప్ప, నలుచదరపు పెనం, చేతిరుమాలంత చాప, జాడీ, సముద్రపు నాచు, ఎండు రొయ్యపప్పు, పది కేజీల కొత్త బియ్యం ఉన్నాయి. అమ్మ నా కాగితం చదివి, వెనక్కి తిప్పి, అటువైపు ఇంకేమైనా ఉందేమో చూసింది.

"ఇందులో నలుగురికీ చూపించే వస్తువు ఒక్కటైనా ఉందిరా?"

"అన్నీ చూపించేవే అమ్మా."

"అదే నా భయం."

రెండు వేల ఏడు, మాఘమాసం. నాకు ఇరవై మూడేళ్ళు. మెకానికల్ డిప్లొమా చేసి, తాడేపల్లిగూడెంలో బియ్యం మిల్లుల యంత్రాలు బిగించి బాగుచేసే ఒక చిన్న సంస్థలో పనిచేస్తున్నాను. ఏ పని మొదలుపెట్టినా ముందు నాలుగు గడులు గీసుకోవడం నాకు అలవాటు: వస్తువు, ఎక్కడ దొరుకుతుంది, దొరక్కపోతే బదులేమిటి, పనికొస్తుందో లేదో ఎలా పరీక్షించాలి. అక్క సామానుకి కూడా అలాగే గీశాను. ఈ విషయం అమ్మకి చెప్పలేదు.

అక్కకి ఆ వంటల పిచ్చి మద్రాసులో పట్టుకుంది. పెళ్ళయిన కొత్తలో బావగారు మద్రాసు శివార్లలో కార్ల విడిభాగాలు చేసే ఒక కొరియా ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. వాళ్ళ పక్క వాటాలో అదే ఫ్యాక్టరీకి వచ్చిన ఒక కొరియా ఇంజినీరు, ఆయన భార్య ఉండేవారు. ఆవిడకి తెలుగు రాదు, తమిళం రాదు. అక్కకి కొరియా భాష రాదు. ఇద్దరికీ ఇంగ్లీషు అంతంతమాత్రం. ఓ రోజు అక్క గిన్నెడు ఆవకాయ ఇస్తే, ఆవిడ ఆ గిన్నె కడిగి, ఊరబెట్టిన క్యాబేజీ నింపి తిరిగిచ్చింది. అంతే. ఖాళీ గిన్నె వెనక్కి ఇవ్వకూడదన్న మన పద్ధతే వాళ్ళకీ ఉందని తెలిసి అక్క ఆశ్చర్యపోయింది. ఆ గిన్నె నాలుగేళ్ళు అటూ ఇటూ తిరిగింది. కొరియా ఆవిడ పెళ్ళికి ముందు కొన్నాళ్ళు జపానులో ఉందట. అందుకని అక్కకి రెండు దేశాల వంటలూ ఒక్క గుమ్మంలోంచే వచ్చాయి. కిమ్చి, బిబింబాప్, నాచు రేకులో అన్నం చుట్టి ముక్కలు కోసే కింబాప్, వెనిగర్ అన్నంతో చేసే సూషి, మడతలు మడతలుగా చుట్టే జపాను ఆమ్లెట్. అన్నీ అక్క ఒక రెండు వందల పేజీల నోటుబుక్కులో తెలుగు అక్షరాల్లో రాసుకుంది. కొలతలు తెలియలేదు కాబట్టి చేతుల బొమ్మలు వేసుకుంది: ఇంత పిడికిలి, ఇంత చిటికెడు, వేలు ఇక్కడిదాకా మునగాలి.

తరవాత బావగారు ఆ ఉద్యోగం మానేసి ఏలూరులో స్నేహితుడితో కలిసి లేత్ షాపు పెట్టారు. మూడేళ్ళపాటు అక్కావాళ్ళు ఏలూరు పక్క ఊళ్ళో అత్తగారింట్లో ఉన్నారు. అక్క అత్తగారు గట్టిగా ఒక్క మాట కూడా అనని మనిషి. అక్క మొదటిసారి కిమ్చి ఊరబెట్టిన నాలుగో రోజున మాత్రం వంటింట్లోకి వచ్చి, "అమ్మాయ్, ఆ వాసన మన వంటింటికి పడుతుందో లేదో చూసుకోమ్మా" అన్నారట. అక్క ఆ సాయంత్రమే జాడీ ఖాళీ చేసింది. మళ్ళీ ఆ నోటుబుక్కు తెరవలేదు. నాకు ఫోన్ చేసినప్పుడు మాత్రం, "ఆ ఆమ్లెట్ అయిదు మడతలు వెయ్యాల్రా, ఆరో మడతకి విరిగిపోతుంది" అని ఏ సందర్భమూ లేకుండా చెప్పేది.

ఇప్పుడు ఏలూరులో రెండు గదుల ఫ్లాటు కొనుక్కున్నారు. అక్కకి సొంత వంటిల్లు. కానీ గృహప్రవేశం అయ్యాక అత్తగారు అక్కడ మూడు నిద్రలు చేస్తారు. ఆవిడకి నచ్చని పని, ఆవిడ లేనప్పుడు కూడా చెయ్యలేని స్వభావం మా అక్కది. ఆ మూడు రోజుల్లో ఆవిడ నోట "బాగుంది" అన్న మాట రాకపోతే, ఆ నోటుబుక్కు కొత్తింట్లో కూడా అలమరలోనే ఉండిపోతుంది. ఇదీ నా లెక్క. దానికి తోడు మా వైపు గృహప్రవేశాల్లో చదివింపులు ఉంటాయి. ఎవరెవరు ఏమేం తెచ్చారో ఒక పెద్దాయన అందరి ముందూ పైకి చదువుతారు. నా సామాను చూసి అత్తవారి వైపు వాళ్ళు నవ్వితే, ఆ నవ్వు నా మీద ఆగదు, అక్క మీదికి పోతుంది. అమ్మ భయం అదే. ఆ భయంలో న్యాయం ఉంది. అందుకే బిందె, పట్టుచీర, పంచెల చాపు అమ్మ పెడుతుంది, మిగతావి నేను పెడతాను, కుందులు తరవాత చూసుకుందాం అని రాజీ కుదిరింది.

మొదటిది రాతిచిప్ప. బిబింబాప్‌ని కొరియావాళ్ళు మందపాటి రాతిగిన్నెలో వేడివేడిగా వడ్డిస్తారు. దాన్ని విమానంలో తెప్పించుకునే స్తోమత నాకు లేదు. అయితే అక్క ఫోన్లో దాని గురించి చెబుతుంటే, అమ్మ పక్కనుంచి, "పులుసు కాచుకునే రాచ్చిప్పే కదే" అంది. ఆ ఒక్క మాటతో నా కాగితంలో మూడో గడి నిండిపోయింది. కామవరపుకోట సంతలో బలపపు రాతి చిప్పలు అమ్మే ముసలాయన ఉన్నాడని తెలిసి, ఆదివారం బస్సెక్కాను. గోనె పరిచి అయిదు చిప్పలు పెట్టుకుని కూర్చున్నాడు. స్కేలు తీసి అంచు మందం కొలుస్తుంటే ఓపిగ్గా చూశాడు.

"ఎన్నొచ్చిందండీ?"

"పద్నాలుగు మిల్లీమీటర్లు."

"మంచిదేనాండీ?"

"మంచిదే."

"నేను కొట్టినప్పుడే అనుకున్నానండీ" అన్నాడు. "వారం రోజులు గంజిలో నానెయ్యండి. తరవాత ఆముదం, పసుపు పట్టించండి. పొయ్యి మీద పెడితే మాత్రం సన్నసెగే. తొందరపడితే అది ఊరుకోదండీ."

రెండు కొన్నాను. రాయిలో వేడి ఎలా పాకుతుందో డిప్లొమాలో చదువుకున్నవాణ్ణి కాబట్టి, గంజితో పనేమిటి, నీళ్ళు పోసి మంట నెమ్మదిగా పెంచితే చాలు అనుకున్నాను. పదకొండో నిమిషంలో వంటింట్లో టప్పుమని చప్పుడైంది. ముందుగదిలో పువ్వులు కట్టుకుంటున్న అమ్మ తల తిప్పకుండా, "పగిలిందా?" అని అడిగింది.

రెండోదాన్ని ముసలాయన చెప్పినట్టే చేశాను. ఏ రోజు గంజి మార్చాలి, ఏ రోజు ఆముదం, ఏ రోజు ఎన్ని నిమిషాల సెగ అని పట్టిక రాసి వంటింటి తలుపుకి అంటించాను. పదో రోజుకి బూడిదరంగు చిప్ప నల్లగా, మెత్తగా, చేప వీపులా మెరిసింది. పొయ్యి మీంచి దించాక ఎంతసేపు వేడి ఉంటుందో గడియారం పెట్టి చూశాను. పావుగంట తరవాత నీటిచుక్క వేస్తే ఇంకా చుయ్యిమంది. ఆ చప్పుడు వినగానే అక్కకి ఫోన్ చెయ్యబోయి, ఆపుకున్నాను. అన్నీ ఒకేసారి చూపించాలి.

రెండోది పెనం. ఏలూరు వన్‌టౌన్‌లో ఇనుప పెట్టెలు చేసే ఒక సాయిబుగారి దుకాణం ఉంది. మా సంస్థకి కావలసిన రేకు పనులు అక్కడే చేయిస్తాం. మూడు వైపుల నుంచీ గీసిన డ్రాయింగు ఆయన ముందు పెట్టాను. పొడవు నూట ఎనభై, వెడల్పు నూట ముప్పై, రేకు మందం మూడు మిల్లీమీటర్లు, లోపలి మూలలు మాత్రం గుండ్రం. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని చాలాసేపు చూశారు.

"ఏ మిషన్లోదండీ ఇది?"

"మిషన్లోది కాదండీ. ఆమ్లెట్ వేసుకోడానికి."

"ఆమ్లెట్‌కి మూడు వైపుల నుంచి బొమ్మా అండీ?" అని, పక్క దుకాణం ఆయన్ని పిలిచి చూపించారు. "గుండ్రంగా ఉంటే గొంతులోకి దిగదాండీ?"

కాగితం మడిచి చూపించాను. పల్చగా ఒక పొర పొయ్యాలి, చివరికంటా చుట్టాలి, ఖాళీ అయిన చోట ఇంకో పొర పొయ్యాలి, దాని మీదుగా మళ్ళీ వెనక్కి చుట్టాలి. సాయిబుగారి మొహంలో నవ్వు పోయి పనివాడి చూపు వచ్చింది. రెండు రోజుల తరవాత వెళ్ళేసరికి పెనం తయారుగా ఉంది. పిడి మాత్రం నా డ్రాయింగులోలా తిన్నగా లేదు, కొంచెం పైకి లేచి ఉంది.

"పిడి తిన్నగా ఉండాలండీ" అన్నాను.

"పట్టుకుని తిప్పి చూడండి" అన్నారు. తిప్పాను. మణికట్టు హాయిగా తిరిగింది. "మీ బొమ్మలో చెయ్యి లేదు కదండీ. అందుకని అది నేను వేసుకున్నాను."

ఆ రోజు నుంచి నా డ్రాయింగుల్లో పిడి ఉన్న చోటల్లా చెయ్యి కూడా గీస్తున్నాను.

మూడోది చాప. నాచు రేకు మీద అన్నం పరిచి చుట్టాలంటే సన్నటి పుల్లలతో అల్లిన చిన్న చాప కావాలి. వెదురు పుల్లలు చీల్చి చూశాను, నా చెయ్యి చీరుకుంది. అప్పుడు కొల్లేరు గుర్తొచ్చింది. కైకలూరులో ఒక చేపల మేత మిల్లుకి సర్వీసుకి వెళ్ళిన రోజున, పని ముగించి ఎండు రొయ్యపప్పు అరకేజీ కొనుక్కుని, పడవ మీద కొల్లేటికోట వెళ్ళాను. నీళ్ళ పక్కనే గట్టు మీద ఒకామె కిక్కిస పుల్లలు పరిచి తడిక అల్లుతోంది. కిక్కిస కొల్లేటి నిండా పెరిగే రెల్లు లాంటి గడ్డి. పుల్ల సన్నం, గట్టి, తడిస్తే వంగుతుంది గానీ విరగదు. నాకు ఇరవై నాలుగు సెంటీమీటర్ల చదరం కావాలని చేతులతో చూపించాను.

"ఎవరి పడకకండీ ఇది, పిల్లికా?" అంది.

"అన్నం చుట్టడానికండీ."

"అన్నం చుట్టి?"

"ముక్కలు కోస్తారు."

ఆమె చేతిలో పుల్ల పక్కన పెట్టి నన్ను నిదానంగా చూసింది. "అన్నం కలుపుకోడం రానోళ్ళా అండీ పాపం?" అంది. అయినా వలలు అల్లే దారంతో, పుల్ల పుల్లకీ ముడివేసి, గంటలో అల్లి ఇచ్చింది. చుడితే చుట్టుకుంది, వదిలితే పరుచుకుంది. పడవలో తిరిగి వస్తూ దాన్ని ఎన్నిసార్లు చుట్టి విప్పానో లెక్కలేదు. ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి చివరికి ఉండబట్టలేక, "ఏవండీ, ఒకసారి ఇలా ఇవ్వండి" అని తీసుకుని తనూ నాలుగుసార్లు చుట్టి ఇచ్చాడు.

నాచు రేకులు, ఎర్రటి మిరప ముద్ద డబ్బా మాత్రం ఇక్కడ దొరికేవి కావు. అదృష్టవశాత్తూ మా సంస్థ నన్ను రెండు రోజుల ట్రైనింగుకి మద్రాసు పంపింది. కొరియా కుటుంబాల కోసం నడిపే చిన్న దుకాణంలో రెండూ దొరికాయి. నల్లటి నాచు రేకులు నలగకుండా రెండు అట్టల మధ్య పెట్టి, రైల్లో రాత్రంతా ఒళ్ళోనే పెట్టుకుని వచ్చాను. జాడీ ఏలూరులోనే కొన్నాను. కిమ్చి ఊరేటప్పుడు గాలి పుడుతుంది, బిగించి మూసేస్తే పొంగి బయటికొస్తుంది. అందుకని మూత వదులుగా కూర్చునే జాడీ కావాలన్నాను. దుకాణంవాడు మూత సరిగ్గా పట్టదని పక్కన పెట్టేసిన జాడీని ఆనందంగా తెచ్చిచ్చాడు.

ఇక బియ్యం. నేను అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టింది దీనిమీదే, దెబ్బ తిన్నదీ దీనిమీదే.

మా గోదావరి జిల్లాల్లో అన్నం అంటే పొడిపొడిగా ఉండాలి. కొత్త బియ్యం ముద్దవుతుందని ఏడాదైనా నిలవ వేసి, అప్పుడు వండుకుంటారు. పాత బియ్యం తింటున్నారంటే కలిగిన ఇల్లని అర్థం. కానీ కింబాప్‌కి, సూషికి కావలసింది సరిగ్గా మనం వద్దనుకునే ఆ జిగురు. మద్రాసులో ఆ కొరియా ఆవిడ ప్రత్యేకమైన పొట్టి గింజ బియ్యం వాడేది. దానికి దగ్గరగా వచ్చేది ఈ పంట కొత్త బియ్యమే అని నేను తేల్చుకున్నాను. ఊరికే అనుకోలేదు. నేను తరచూ వెళ్ళే ఒక మిల్లు నుంచి నాలుగు రకాల కొత్త బియ్యం గుప్పెడు గుప్పెడు తెచ్చి, విడివిడిగా వండి, నిమ్మకాయంత ముద్దలు చేసి, స్కేలు నిలబెట్టి ముప్పై సెంటీమీటర్ల ఎత్తు నుంచి పళ్ళెంలోకి వదిలాను. ఒకటి చెదిరింది, ఒకటి చీలింది, ఒకటి సొట్టపడింది. మూడో నంబరు ముద్ద మాత్రం ఎలా పడిందో అలాగే కూర్చుంది. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. ఆ నాలుగు ముద్దలూ అమ్మ మర్నాడు నాకే పెట్టింది.

మిల్లు యజమాని యాభై దాటిన మనిషి, నన్ను 'ఇంజినీరుగారూ' అనే పిలుస్తారు. మూడో నంబరు బియ్యం పది కేజీలు కావాలని చెప్పాను.

"పిండి పట్టించుకోడానికాండీ?"

"కాదండీ, వండుకోడానికే. మా అక్క గృహప్రవేశానికి పుట్టింటి నుంచి పెడుతున్నాం."

ఆయన ఒక క్షణం నన్ను చూశారు. తరవాత, "అలాగేనండీ" అన్నారు.

మా ప్రాంతంలో 'అలాగేనండీ' అన్న మాటకి చాలా అర్థాలు ఉంటాయి. నేను ఒక్కటే తీసుకున్నాను. గృహప్రవేశానికి ముందురోజు, మూతి కుట్టి, పసుపు కుంకుమ బొట్లు పెట్టిన కొత్త సంచి మా ఇంటికి వచ్చింది. రాయిని పరీక్షించాను, పెనాన్ని పరీక్షించాను, పుల్లల చాపని పడవలోనే పరీక్షించాను. బొట్లు పెట్టిన సంచి విప్పడం బాగుండదని దాన్ని మాత్రం అలాగే తీసుకెళ్ళాను.

గృహప్రవేశం రోజున పాలు పొంగాయి, వ్రతం అయింది, భోజనాలయ్యాయి. చదివింపులకి బావగారి పెదనాన్నగారు కూర్చున్నారు. కంచుగంట లాంటి గొంతు. "పుట్టింటివారు! ఇత్తడి బిందె ఒకటి. పట్టుచీర ఒకటి. పంచెల చాపు ఒకటి." అందరూ తలలూపారు. "రాతిచిప్ప ఒకటి." ఆయన ఆగి, చిప్పని ఎత్తి చూసి, దించారు. "ఇనుప పెనం ఒకటి. నలుచదరం. చాప ఒకటి." మళ్ళీ ఆగారు. "చిన్నది."

"ఎంత చిన్నదండీ?" అని వెనకనుంచి ఎవరో అడిగారు.

ఆయన రెండు వేళ్ళతో పట్టుకుని పైకెత్తారు. హాలంతా నవ్వింది. అమ్మ సీలింగు ఫ్యానుకేసి చూస్తూ కూర్చుంది.

అక్క వంటింట్లోంచి కాఫీల పళ్ళెంతో వస్తోంది. పైకెత్తిన చాపని చూసింది. పళ్ళెం అక్కడే బల్ల మీద పెట్టి, నేరుగా వచ్చి, పెదనాన్నగారి చేతిలోంచి చాప తీసుకుంది. చుట్టింది. విప్పింది. పుల్లల మీద వేలితో రాసి, "కిక్కిసా?" అని అడిగింది నన్ను.

"కిక్కిస."

తరవాత పెనం అందుకుని మణికట్టు తిప్పింది. తరవాత చిప్పలోకి చెయ్యి పెట్టి అడుగు తడిమింది. ఎవరో ఏదో అడుగుతున్నారు, తను వినడం లేదు. పెదవులు మాత్రం కదులుతున్నాయి, ఏం వండాలో లెక్క వేసుకుంటున్నట్టు. ఇరవై రోజుల తిరుగుడూ ఆ అర నిమిషంలో తీరిపోయింది.

అక్క అత్తగారు అదంతా చూశారు. నా పక్కన నిలబడి మెల్లగా, "మీ తమ్ముడు సరదా మనిషమ్మా" అన్నారు అక్కతో. మా వైపు ఇది మెచ్చుకోలు కాదు.

అక్క నవ్వు సగంలో ఆగింది. అయినా, "రేపు సాయంత్రం నేను వండుతానండి అత్తయ్యగారూ. మద్రాసులో నేర్చుకున్నవి" అంది. మూడేళ్ళలో అక్క ఆవిడతో అలా నేరుగా చెప్పడం అదే మొదలు.

"కొత్తిల్లు నీది. నీ ఇష్టమమ్మా" అన్నారావిడ. అందులో ఇష్టం ఎంతుందో కొలిచే పరికరం నా దగ్గర లేదు.

మర్నాడు సాయంత్రం అయిదింటికి అక్క నోటుబుక్కు తీసింది. నన్ను పక్కన కూర్చోబెట్టి చదవమంది. మొదట ఆమ్లెట్. సాయిబుగారి పెనం మీద ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు మడతలు. ఆరో మడత జోలికి పోలేదు. పీట మీదికి దించి కోస్తే, లోపల పుస్తకం అంచులా పొరలు పొరలుగా ఉంది. అత్తగారు ముక్క తిని, "గుడ్డే" అన్నారు. ఇది తిట్టు కాదు, పొగడ్తా కాదు.

తరవాత కింబాప్ కోసం అన్నం పెట్టింది. కుక్కరు మూత తీసేసరికి అక్క మొహం మారిపోయింది. మెతుకుకి మెతుకు అంటకుండా, మల్లెమొగ్గలు పోసినట్టు ఉంది అన్నం.

అత్తగారు తొంగిచూశారు. వచ్చినప్పటి నుంచీ మొదటిసారి ఆవిడ కళ్ళు వెలిగాయి. "అన్నం అంటే ఇదీ. ఎక్కడివమ్మా ఈ బియ్యం?"

అక్క నాచు రేకు చాప మీద పరిచి, అన్నం ఒత్తి, క్యారెట్టు, కీరా, ఆమ్లెట్ ముక్కలు పెట్టి చుట్టింది. కత్తి పెట్టగానే మెతుకులన్నీ పీట మీద జలజలా రాలాయి. రెండోది చుట్టింది. అదీ అంతే. మూడోది చుట్టకుండా అక్క చాప పక్కన పెట్టేసింది. మెల్లగా నాతో, "కొత్త బియ్యం అన్నావు కదరా" అంది. కోపంగా అని ఉంటే బాగుండేది.

బాల్కనీలోకి వెళ్ళి మిల్లు యజమానికి ఫోన్ చేశాను.

"ఆ, ఇంజినీరుగారూ. అన్నం ఎలా వచ్చిందండీ?"

"పొడిపొడిగా వచ్చిందండీ."

"రాదా మరి? రెండేళ్ళ పాతవి. మా ఇంట్లోకి అని దాచుకున్న బియ్యం అండీ అవి."

"నేను కొత్తవి అడిగానండీ."

"అడిగారండీ. కుర్రవారు, తెలీక అడిగారనుకున్నాను. ఆడపడుచు కొత్తింట్లో మొదటి ముద్ద జిగురుజిగురుగా తినాలాండీ? మా ఆవిడతో చెబితే, అసలు అలా ఎలా పంపుతారండీ అని నన్ను కేకలేసింది." కొంచెం ఆగి, "ఏవండీ, ఏమైనా తేడా వచ్చిందా?" అన్నారు.

ఆయన దాచుకున్న బియ్యం ఇచ్చేశారు. "లేదండీ, చాలా బాగున్నాయి" అని పెట్టేశాను.

లోపలికి వచ్చి అక్కకి జరిగింది చెప్పాను. తల పట్టుకుంది. తరవాత ఒక్కసారిగా నవ్వొచ్చింది తనకి, ఏడుపుకి పక్కింట్లో ఉండే నవ్వు. కొంగుతో కళ్ళు తుడుచుకుని, నోటుబుక్కులో పేజీలు వెనక్కి తిప్పింది. ఒక పేజీ దగ్గర ఆగింది. "చిప్ప పొయ్యెక్కించరా" అంది. "సన్నసెగ."

"తెలుసు" అన్నాను. పదకొండు నిమిషాల సంగతి చెప్పలేదు.

చిప్ప వేడెక్కేలోగా క్యారెట్టు, బీన్సు, పాలకూర, ముల్లంగి అన్నీ విడివిడిగా వేయించింది. రొయ్యపప్పు కరకరలాడేలా వేపింది. చిప్పలో నువ్వుల నూనె రాసి, అన్నం పరిచి, దాని మీద కూరలన్నీ రంగు రంగుగా, గడియారంలో అంకెల్లా చుట్టూ సర్దింది. మధ్యలో గుడ్డు, పక్కన మిరప ముద్ద. చిప్పలోంచి చిటపట మొదలైంది. దాన్ని అలాగే పీట మీద పెట్టి అత్తగారి ముందుకు తెచ్చింది.

ఆవిడ చూశారు. "కూరలన్నీ ఇంత అందంగా విడివిడిగా పెట్టి, ఇప్పుడు మళ్ళీ కలిపెయ్యాలా?"

"అవునండి."

"మరి మొదలే కలపొచ్చు కదమ్మా?"

"అప్పుడు చూడ్డానికి ఉండదు కదండి అత్తయ్యగారూ."

ఆవిడకి ఆ జవాబు నచ్చినట్టుంది. చెంచాతో కలిపారు. ఒక ముద్ద తిన్నారు. రెండోది తిన్నారు. నేను అక్కని చూస్తున్నాను, అక్క చెంచాని చూస్తోంది. అప్పుడు చెంచా అడుగుకి తగిలి గరగరమంది. పొడి అన్నం కదా, వేడి రాతికి అంటుకుని అడుగున బంగారు రంగు మాడుచెక్క కట్టింది. జిగురు బియ్యం అయితే ఇంత పల్చగా, ఇంత కరకరగా వచ్చేది కాదని అక్క తరవాత చెప్పింది. అత్తగారు చెక్కని గీరి నోట్లో వేసుకున్నారు. కరుమని చప్పుడైంది. ఆవిడ నమలడం ఆపి, చిప్పని రెండు చేతులా దగ్గరికి లాక్కోబోయి, "అబ్బ, కాలుతోంది" అని చీర చెంగుతో పట్టుకుని లాక్కున్నారు.

"మా పుట్టింట్లో మాడుచెక్క కోసం అయిదుగురం కొట్టుకునేవాళ్ళం" అన్నారు గీరుతూ. "అబ్బాయికి కొంచెం ఉంచాలా?"

బావగారు, "ఉంచాలమ్మా" అన్నారు.

"ఇంకోటి పెట్టమను మీ ఆవిణ్ణి. ఇది అయిపోయింది."

అక్క లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళింది. వెనక్కి తిరిగి నిలబడింది కాబట్టి మొహం కనపడలేదు. రెండో వాయికి కూరలు సర్దుతూ ఏదో కొరియా పాట కూనిరాగం తీసింది. అక్కకి పాటలు వచ్చని నాకు అప్పటిదాకా తెలియదు.

మూడు నిద్రలూ అయిన మర్నాడు నేను తాడేపల్లిగూడెం డ్యూటీలో ఉండగా అక్క ఫోన్ చేసింది. గొంతు ఆయాసపడుతోంది, పరిగెత్తి వచ్చినట్టు.

"ఒరేయ్, అత్తయ్యగారు వెళ్ళలేదు. ఇంకో రెండ్రోజులు ఉంటారంట. వాళ్ళ చెల్లెల్ని కూడా రమ్మని ఫోన్ చేశారు. ఆ రోజు రాలిపోయిన చుట్టలు అసలు ఎలా ఉండాలో చూసి గానీ కదలరంట. కిమ్చి కూడా పెట్టమన్నారు. 'వాసన కిటికీలోంచి పోతుందిలేమ్మా, ఎత్తుమీద ఉన్నాం కదా' అన్నారు. నాకు రేపు పొద్దున్నకి మూడో నంబరు బియ్యం కావాలి. ఈసారి..."

"ఈసారి విప్పి చూస్తాను" అన్నాను.

మధ్యాహ్నం భోజనం మానేసి మిల్లుకి పరిగెత్తాను. యజమాని ఎదురుగానే బస్తాలోంచి దోసిట్లోకి తీసుకుని, పంటికింద పెట్టి కొరికి, ఈ పంటదేనని రూఢి చేసుకుని పది కేజీలు తూయించాను. ఆయనకి కథంతా చెప్పాను. కింబాప్ అంటే ఏమిటో మూడుసార్లు అడిగి చెప్పించుకున్నారు. చివరికి కుట్టుయంత్రం ఆపించి, మిల్లు ముద్ర ఉన్న సంచి పక్కన పెట్టించి, ఏ ముద్రా లేని తెల్లసంచిలో బియ్యం పోయించారు.

"తీసుకెళ్ళండి ఇంజినీరుగారూ, తప్పుతుందా" అన్నారు. "కానీ ఒక్క మాటండీ. మీ అక్కగారి అత్తగారు ఎక్కడివని అడిగితే, మొన్నటి బియ్యం మావని చెప్పండి. వీటికి మాత్రం మా మిల్లు పేరు చెప్పకండి."